మార్పు పేరుతో మరో చేప

మొన్న ఆదివారం మావారు జంక్షన్ నుంచి సంచీ ఊపుకుంటూ వచ్చారు. "మార్పు చేప దొరికిందోయ్, అదీ చవగ్గా!" అని ఒకటే సంబరం. విప్పి చూస్తే అరచేయంత వెడల్పు ముక్కలు. మా అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది మార్పు కాదే అమ్మాయ్! మార్పుని ముక్కలు కోసి తూచి అమ్ముతారా ఎక్కడన్నా? బిందెలో ప్రాణంతో తెస్తారు గానీ" అన్నారు. సంచీ అలాగే గుమ్మం బయటికి వెళ్ళిపోయింది. మావారి మొహం చూడాలి అప్పుడు!

ఆవిడ అన్నది నిజమేనండీ. మన మార్పు మూరెడు దాటడమే అరుదు. ఆయన తెచ్చింది ఆఫ్రికా మార్పు. అది మనిషంత పొడుగూ పెరగగలదు. రెంటికీ మీసాలే, రెండూ నున్నటి నల్లటివే, అక్కడే మోసపోతాం. నైలుతో సహా ఆఫ్రికా నదులూ, చెరువులూ దాని పుట్టిల్లు. 1989లో థాయిలాండ్ నుంచి బంగ్లాదేశ్ వాళ్ళు తెచ్చుకున్నారు. తొంభైల మొదట్లో సరిహద్దు దాటి బెంగాల్లో దిగింది. ఆ తర్వాత చేపపిల్ల చేతులు మారుతూ మా కొల్లేటి చెరువులదాకా వచ్చేసింది. ఏ సర్కారూ రమ్మనలేదు, లాభం రమ్మంది. నెలల్లోనే కిలో తూగుతుంది, బురదలోనూ గాలి పీల్చుకుని బతుకుతుంది, కోళ్ళ దుకాణాల వ్యర్థాలు వేసినా తినేస్తుంది. ఇంక పెంచేవాళ్ళకి ఏం కావాలి?

తోటి చేపల్నీ వాటి గుడ్లనీ కూడా వదలదు గనుక 1997లోనే కేంద్ర వ్యవసాయ శాఖ దాని పెంపకాన్ని నిషేధించింది. 2019లో హరిత ట్రైబ్యునల్ కూడా ఉన్నవాటిని నాశనం చెయ్యమంది. ఆ తర్వాత కూడా అధికారులు చెరువులు పట్టుకుని చేపల్ని గోతుల్లో పూడ్పించారని పేపర్లో చదువుతూనే ఉన్నాం.

"చెరువులో పెంచితే మనకేం?" అన్నారు మావారు. మా నీళ్ళ సంగతి ఆయనకి తెలీక కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కొల్లేట్లోనే కలుస్తాయి. కృష్ణ కాలవల మురుగు నీళ్ళూ అక్కడికే. మిగిలింది ఉప్పుటేరు మీంచి సముద్రానికి. ఒక్క పెద్దవాన కొట్టి గట్టు తెగితే చాలు, చెరువు చేప ఏటి చేప అయిపోతుంది. ఇప్పుడు కృష్ణలోనూ గోదావరిలోనూ కూడా ఇది వలకి పడుతోంది. దీని తాకిడికి తగ్గేది మన మార్పూ, ఇంగిలాయీ, జెల్లా.

అత్తయ్యగారు ఆయన్ని దులిపేస్తుంటే నేను మాత్రం కిక్కురుమనలేదు. గురివింద సామెత నాకూ తెలుసు.

మా అబ్బాయి టెన్త్ పాసైనప్పుడు అక్వేరియం కొనిపెట్టాం. కొట్టువాడు "అద్దాలు నాకి శుభ్రం చేస్తుందమ్మా" అని మచ్చల చేప ఒకటి అందులో వేశాడు. వేలెడంత ఉన్నది రెండేళ్ళకి జానెడు దాటింది. రాత్రిళ్ళు అద్దానికి టపటపా కొట్టుకోవడం! చంపడానికి చేతులు రాక, ఓ సాయంత్రం బకెట్లో వేసి కాలవలో వదిలొచ్చాను. పుణ్యం చేశాననే అనుకున్నాను కూడా.

అదే సక్కర్ చేప. దక్షిణ అమెరికా నదులది. ఇదీ మీసాల చేపల వంశమే, కాకపోతే ఒళ్ళంతా ఎముక పలకలు, ముళ్ళు. వలలో పడితే వల చిరిగిపోతుంది, గట్లకి బొరియలు తవ్వుతుంది, కొనేవాడు ఉండడు. జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. అమెరికాలో ఫ్లోరిడా కాలవ గట్లనీ ఇలాగే తొలిచేస్తోందట. హైదరాబాదు సిసిఎంబి శాస్త్రజ్ఞులు చెంబెడు నీళ్ళు పరీక్షించే అది ఉందో లేదో చెప్పేస్తున్నారు. తూర్పు కనుమల వైపు వాళ్ళు చూసినవాటిలో సగానికి పైగా చోట్ల ఉందట! ఒక్క చేపతో ఏమవుతుందని నాలాగా ఎంతమంది వదిలారో.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే కొట్టులోనే తిరిగిచ్చెయ్యండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకివ్వండి. కాలవ దారి పట్టకండి. తొట్టి నీళ్ళు మల్లెపాదులో పోస్తే చక్కటి బలం.

బజార్లో మార్పు కొంటే ప్రాణంతో ఉన్నదే, చిన్నదే అడగండి. కిలో దాటిందంటే అనుమానించండి. పక్క రెక్కల దగ్గర ముల్లుంటుంది, జాగ్రత్త. బూడిద రాసి, గరుకు బండమీద తోమితే జిగురంతా పోతుంది. తర్వాత కల్లుప్పూ పసుపూ పట్టించి కడగండి.

ఈ ఆదివారం తెలిసిన చేపలావిడ బిందెలో నాలుగు మార్పులు తెచ్చింది. అత్తయ్యగారు చేత్తో పట్టుకుని మరీ చూసి సరేనన్నారు. చింతపండు తగ్గించి నూజివీడు పుల్లమామిడి ముక్కలు వేసి పులుసు పెట్టాను. ఖరీదెంతని మాత్రం మావారు ఇప్పటిదాకా చెప్పలేదు.