అప్‌డేట్ తర్వాత ఫోన్ స్లో అయిందా? రెండు రాత్రులు ఆగండి!

"అన్నా, అప్‌డేట్ చేసినకాడికెళ్లి ఫోన్ మొద్దుబారింది. కొత్తది కొనాల్నా?"

మా చిల్కానగర్‌లో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టులు చేసేవాళ్లుంటారు, ఫుడ్ డెలివరీ కుర్రాళ్లుంటారు. పాత ఫోన్ ఈఎంఐ తీరకముందే ఇంకో ఈఎంఐ అంటే వాళ్ల నెల లెక్క మొత్తం తలకిందులే. అందుకే షాపుకెళ్లే ముందు ఫోన్ లోపల ఏం జరుగుతోందో చూద్దాం.

ఆండ్రాయిడ్ యాప్‌లో చాలా భాగం ప్రాసెసర్‌కు నేరుగా అర్థమయ్యే భాషలో రాదు. 'బైట్‌కోడ్' అనే మధ్య రూపంలో వస్తుంది. దాన్ని ప్రాసెసర్ భాషలోకి మార్చాలి. ఎప్పుడు మార్చాలన్నదే అసలు గొడవ.

టిఫిన్ బండినే తీసుకోండి. ఇడ్లీలు ముందే ఉడికించి పెడతారు. అడగ్గానే ప్లేటులో పడతాయి. దోశ మాత్రం ఆర్డర్ వచ్చాకే పెనం మీద పోస్తారు. ఇడ్లీకి ఎదురుచూపు లేదు కానీ అమ్ముడుపోకపోతే దండగ. దోశకు దండగ లేదు కానీ ఆగాలి.

2010లో వచ్చిన ఆండ్రాయిడ్ 2.2ది దోశ పద్ధతి. యాప్ నడుస్తుండగా ఎక్కువసార్లు వాడే భాగాలను అప్పటికప్పుడు మార్చేది. దీన్నే 'జస్ట్ ఇన్ టైమ్', ముద్దుగా జిట్ అంటారు. యాప్ పూర్తిగా మూసేస్తే ఆ కష్టమంతా పోయేది. 2014లో ఆండ్రాయిడ్ 5.0 ఇడ్లీ పద్ధతికి మారింది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మొత్తం మార్చి పెట్టేసేది. యాప్ వేగం పెరిగింది గానీ ఇన్‌స్టాల్ ఆలస్యం, స్టోరేజీ హాంఫట్. సిస్టమ్ అప్‌డేట్ వస్తే యాప్‌లన్నీ ఒక్కొక్కటిగా 'ఆప్టిమైజ్' అయ్యేదాకా స్క్రీన్ చూస్తూ కూర్చోవాల్సిందే.

2016లో ఆండ్రాయిడ్ 7.0 ఈ రెండింటినీ కలిపేసింది. యాప్ చకచకా ఇన్‌స్టాల్ అవుతుంది. మొదట్లో బైట్‌కోడ్‌నే చదువుకుంటూ నడుస్తుంది. పదేపదే వాడే భాగాలను జిట్ అక్కడికక్కడే మారుస్తుంది. మీరు ఏవి ఎక్కువ వాడారో 'ప్రొఫైల్' అనే చిట్టాలో రాసుకుంటుంది. ఫోన్ ఛార్జింగ్‌లో ఖాళీగా ఉన్నప్పుడు ఆ చిట్టా తీసి, వాటిని మాత్రమే శాశ్వతంగా మార్చి దాచుకుంటుంది. అంటే రోజూ ఎన్ని ఇడ్లీలు పోతాయో తెలిసిన బండివాడి లెక్క అన్నమాట!

మరి పెనం ఆర్పేయొచ్చుగా? కుదరదు. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్నరోజు ఎవరేం అడుగుతారో బండివాడికే తెలీదు. మీరూ ఇవాళ యాప్‌లో ఎప్పుడూ ముట్టని బటన్ నొక్కొచ్చు. బ్రౌజర్‌దైతే మరీ చిత్రం. క్రోమ్‌లోని వీ8 ఇంజిన్ ముందే తయారై వచ్చిన ప్రోగ్రామే. కానీ మీరు తెరిచే పేజీలోని జావాస్క్రిప్ట్ అప్పుడే దిగుతుంది కాబట్టి, దానికి కావాల్సిన కోడ్‌ను అప్పుడే పుట్టిస్తుంది. అలా నడుస్తూ నడుస్తూ కోడ్ పుట్టించడంలో భద్రతా సమస్యలూ ఉన్నాయి. అందుకే ఐఫోన్‌లో మామూలు యాప్‌లకు ఆపిల్ ఆ ఛాన్స్ ఇవ్వదు.

ఇప్పుడు మన సమస్యకు వద్దాం. సిస్టమ్ అప్‌డేట్ తర్వాత ముందు దాచుకున్న కోడ్ చాలావరకు పనికిరాకుండా పోవచ్చు. ఫోన్ మళ్లీ వండుకోవాలి. ఆ ఒకట్రెండు రోజులు కాస్త వేడెక్కడం, నత్తనడక మామూలే.

మీరు చేయాల్సింది సింపుల్. రెండు మూడు రాత్రులు ఛార్జింగ్ పెట్టి ఫోన్‌ను దాని మానాన వదిలేయండి. స్టోరేజీలో కాస్త ఖాళీ ఉంచండి. నిండిపోతే మార్చిన కోడ్ దాచుకోవడానికి చోటుండదు. ఊరికే యాప్‌లన్నీ పైకి తోసి మూసేయకండి. జిట్ తయారుచేసిన కోడ్ మెమరీలోనే ఉంటుంది. యాప్ చస్తే అదీ పోతుంది. 'క్లీనర్', 'బూస్టర్' యాప్‌లు రోజంతా చేసేది దాదాపు ఈ పనే!

వారం దాటినా మారకపోతే అప్పుడు బ్యాటరీ, స్టోరేజీ చెక్ చేయించండి. కొత్త ఫోన్ సంగతి ఆ తర్వాతే.