పందెం దిగిన గుర్రమే చాలు
జవళగిరి నుంచి హోసూరుకు పోయే దారిలో మత్తిగిరి ఫారం దాటినప్పుడల్లా, 1824లో సైన్యం గుర్రాలను పెంచడానికి పెట్టిన ఆ నేలను చూసి, ఒకటే అనుకుంటాను: స్వారీ నేర్చుకునే పిల్లకు జర్మనీ జాతిగుర్రం దేనికి? బెంగళూరు పందేలనుంచి దిగిపోయిన గుర్రం చాలు. ముందుకాలి వెనక నరంమీద అరచెయ్యి ఆనించి చూడండి. వేడి తగలకపోతే, గిట్ట పట్టుకుంటే మొరాయించకుండా ఎత్తి ఇస్తే, కొనే ఆలోచన చెయ్యొచ్చు. 1956లో అమెరికాలో హ్యారీ డిలేయర్ అనే ఆయన కబేళాకు పోతున్న దుక్కిగుర్రాన్ని 80 డాలర్లకు కొన్నాడు. రెండేళ్లకే స్నోమన్ అనే ఆ గుర్రం మేటి జంపింగ్ గుర్రాలను ఓడించింది. మన దేశపు రౌతు ఫవాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌లో దిగింది మేలుజాతి గుర్రంమీదే; ఆ మెట్టుకు అది కావాలి, కాదనను. మన పిల్లలింకా మొదటి మెట్టుమీదే ఉన్నారు. చౌకదైనా ఉలవలు అంతే తింటుంది, లాడాలకూ అంతే అవుతుంది; మిగిలేది కొనే ధరలోనే. మిగిలిన డబ్బు మంచి గురువుకివ్వండి.