వేదిక మీది వణుకు

బడి వార్షికోత్సవంలో ముసలితాత వేషం ఎలా కడతారో మీకు తెలుసు. దూదిగడ్డం, చేతికర్ర, గడగడ వణికే చెయ్యి. చెయ్యి ఎంత వణికితే చప్పట్లు అంత ఎక్కువ. తొమ్మిదో తరగతిలో నేనూ ఆ వేషం వేశాను, బహుమతి కూడా పుచ్చుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ వణుకు మానెయ్యాలంటాను. ఎందుకో చెబుతాను, వినండి.

ముందు మీ బల్లమీది పెన్సిలు అందుకోండి. ఎంత సులువు! మస్తిష్కం పైపొరలో బయలుదేరిన ఆజ్ఞ వెన్నుపాము గుండా చేతి కండరాలకు చేరింది. కుడిచేతికి ఆజ్ఞ మెదడు ఎడమవైపు నుంచి వస్తుంది, ఎడమచేతికి కుడివైపు నుంచి. గురి తప్పకుండా చూసింది అనుమస్తిష్కం. ఇవికాక మెదడు లోతున కొన్ని నాడీకణాల గుంపులున్నాయి. ఏ కదలిక మొదలవ్వాలి, ఏది ఆగాలి అన్నది తేల్చడంలో వాటి పాత్ర పెద్దది. అవి సరిగా పనిచేయాలంటే డోపమిన్ అనే రసాయనం అందాలి. దాన్ని తయారుచేసే కణాలు మధ్యమెదడులో నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతంలో ఉంటాయి.

కొందరిలో ఈ కణాలు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా నశిస్తాయి. అదే పార్కిన్‌సన్ వ్యాధి. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో ఆరుగురు రోగుల గురించి చిన్న పుస్తకం రాశాడు. వారిలో కొందరిని ఆయన వీధిలో చూసి గమనించినవాడే. మనమూ వీధిలోనే చూశాం, చూసి నవ్వాం.

నా నాటకంలో శాస్త్రం కూడా తప్పే. కర్ర ఎత్తినప్పుడల్లా నేను చెయ్యి ఎక్కువగా ఆడించాను. ఈ వ్యాధిలో సాధారణంగా చెయ్యి ఒడిలో ఊరికే ఉన్నప్పుడు వణుకు ఎక్కువ, పనికి చాపితే తగ్గుతుంది. వస్తువు అందుకోబోతుంటే పెరిగే వణుకు అనుమస్తిష్కం దెబ్బతిన్నవారిది. అసలు వణుకే లేని పార్కిన్‌సన్ రోగులూ ఉన్నారు. వారి కష్టమంతా నిదానం, బిగుసుకుపోవడం. చొక్కా గుండీ పట్టదు. రాసే అక్షరాలు రానురాను చిన్నవైపోతాయి. గుమ్మం దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. ముఖంలో కదలిక తగ్గి నవ్వు కనిపించదు, "తాతయ్యకు కోపమొచ్చింది" అనుకుంటాం. ఇంట్లోవాళ్లే బద్ధకమనీ, మొండితనమనీ విసుక్కుంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. అలా ఆగిపోయిన మనిషి ముందు నేలమీద సుద్దముక్కతో అడ్డగీతలు గీస్తే, కొందరు వాటిని దాటుకుంటూ నడిచేస్తారు. బద్ధకమైతే సుద్దగీతకు పోతుందా?

"ముసలితనమేగా" అని ఊరుకోవడమూ పొరపాటే. యాభై నిండకముందే ఈ జబ్బు వచ్చినవారున్నారు. మందూ ఉంది. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త అర్విద్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరులో దొరికే పదార్థమే. కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. డోపా ఇవ్వగానే మళ్లీ కదిలాయి! ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. డోపమిన్‌ను నేరుగా ఇస్తే మెదడులోకి చేరదు, ఎల్-డోపా చేరి అక్కడ డోపమిన్‌గా మారుతుంది. 1967లో అమెరికాలో కోట్జియాస్ డోపాను కొద్దికొద్దిగా పెంచుతూ రోగులకు ఇచ్చి మంచి ఫలితం చూపాడు.

విచిత్రమేమిటంటే, తాకితే ఒళ్లంతా దురదపెట్టే దూలగొండి గింజల్లో ఈ ఎల్-డోపా ఉంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి దాన్ని వేరుచేశారు. అలాగని గింజలు నూరి ఎవరికీ పెట్టకండి, మోతాదు తప్పితే ప్రమాదం. ఇక ఈ మందు చచ్చిన కణాలను బతికించదు, జబ్బును ఆపదు. కాని గుండీ పెట్టుకోగలిగితే, నాలుగడుగులు నడవగలిగితే అది చిన్న సంగతా?

ఈసారి తాత వేషం మీకొస్తే గడ్డం పెట్టుకోండి, కర్ర పట్టుకోండి. వణుకు మాత్రం వద్దు. చూడ్డానికి వచ్చినవారిలో ఎవరి చెయ్యి ఒడిలో వణుకుతోందో వేదిక మీంచి మీకు కనిపించదు.