ఇంటి రికార్డింగు – అంకెల ఆడంబరం

నేడు మన విద్యార్థులు ఇంటనే పాటను రికార్డు చేసుకోగలుగుతున్నారు, ఇది హర్షదాయకం. అయితే సెకనుకు 1,92,000 నమూనాలు తీస్తేనే గానం మధురమవుతుందన్న భ్రమ తగదని మా అభిప్రాయం. మానవ శ్రవణం సెకనుకు 20,000 కంపనాలను మించదు. అందుకు రెట్టింపు దాటిన 44,100 నమూనాలే సి.డి.కి సరిపోయాయి. ఇంటికి 48,000 నమూనాలు, 24 బిట్లు చాలు.

అసలు జాగ్రత్త వేరు. గొంతెత్తి పాడినప్పుడు కూడా స్థాయి గరిష్ఠ హద్దుకు 12 డెసిబెల్లు దిగువన ఉండాలి. హద్దు దాటి చిట్లిన స్వరం మళ్ళీ అతకదు. గుణదలలో రైలు కూత అణగిన వేళ చూసుకుని, ఫ్యాను ఆపి, తలుపులు మూయాలి. మూలప్రతిని ఎం.పి.3గా కుదించక వేవ్ ఫైలుగా దాచాలి.

మన నానీలు, అమ్మమ్మలు పాడే పెళ్ళిపాటలు వారితోనే అంతరిస్తున్నాయి. ఈ సెలవుల్లోనే ఆ గొంతులను భద్రపరచవలసిందిగా విద్యార్థులను కోరుతున్నాం. వాటికి గ్రంథాలయంలో చోటివ్వాలని కళాశాల సంఘానికి మనవి చేస్తున్నాం.