లోతు తెలియని దూకుడు

గజ్వేల్‌: సిద్దిపేట జిల్లా మర్కూక్‌ మండలంలోని కొండపోచమ్మసాగర్‌ను చూసేందుకు 2025 జనవరి 11న హైదరాబాద్‌ నుంచి ఏడుగురు యువకులు వచ్చారు. తిరిగి ఇళ్లకు చేరింది ఇద్దరే. మిగతా ఐదుగురు జలాశయంలో మునిగి ప్రాణాలు కోల్పోయారు. వారు ఎత్తు నుంచి దూకినవారు కారు, ఒడ్డు నుంచి నీటిలోకి దిగినవారే. దిగితేనే ఇంతటి ఘోరం జరిగినప్పుడు కట్టల మీది నుంచి, గుట్టరాళ్ల మీది నుంచి దూకేవారి సంగతేమిటన్నది ఆలోచించాల్సిన విషయం. జలాశయాలు, నీరు నిండిన క్వారీ గుంతల వద్ద సెలవు రోజుల్లో యువకులు పందేలు వేసుకుని దూకడం, ఆ దృశ్యాలను సెల్‌ఫోన్లలో చిత్రీకరించుకోవడం సాధారణమైపోయింది.

నీటిలోకి దూకడం మన పల్లెలకు కొత్త విద్య ఏమీ కాదు. ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకుని మోటబావిలో ఈత నేర్చినవారు, గిలక గట్టు మీది నుంచి మునకలు వేసినవారు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. అయితే ఆ బావి అడుగు ఊరంతటికీ తెలుసు. వేసవిలో నీరు ఇంకినప్పుడు పూడిక తీసేందుకు దిగినవారు ఏ మూల బండ ఉన్నదీ, ఏ వైపు మెట్టు ఉన్నదీ కళ్లారా చూసేవారు. పిల్లలు దూకుతుంటే గట్టున ఎవరో ఒక పెద్దమనిషి ఉండేవాడు. బావులు ఎండి, పూడిపోయి, వాటి స్థానంలో భారీ జలాశయాలు వచ్చాయి. దూకే అలవాటు మిగిలింది కానీ, అడుగు తెలిసినవారు లేకుండా పోయారు.

కనిపించని అడుగు

కొండపోచమ్మసాగర్‌నే తీసుకుంటే, కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా 15 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన ఈ జలాశయం 2020 మే 29న ప్రారంభమైంది. మామిడ్యాల, బహిలంపూర్‌, తానేదార్‌పల్లి గ్రామాలు దీనికింద ముంపునకు గురయ్యాయి. ఊళ్లు మునిగిన చోట పాత బావులు, గోడల మొండాలు, చెట్ల మోళ్లు నీటి కింద ఉండే అవకాశం ఎంతైనా ఉంటుంది. కట్ట కోసం మట్టి తవ్విన గుంతలు కూడా ఇటువంటి జలాశయాల్లో మామూలే. మోకాలి లోతు ఉందనుకున్న చోట మరో అడుగు వేస్తే నిలువు లోతు తగలవచ్చు. మట్టికట్టకు లోపలివైపు పేర్చిన రాతి కట్టడం ఏటవాలుగా నీటిలోకి దిగిపోతుంది. పైనుంచి చూసేవారికి నీరే కనిపిస్తుంది తప్ప, దాని కింద రాయి ఎంత దూరం సాగిందో తెలియదు. పాచి పట్టిన ఆ రాళ్లపై అడుగు జారితే పైకి ఎక్కడం గజ ఈతగాడికైనా కష్టమే.

ఎత్తిపోతల జలాశయాల్లో ఇంకో చిక్కుంది. చెరువు వానకు నిండుతుంది, ఎండకు తగ్గుతుంది. ఇక్కడ మాత్రం పంపులు నడిస్తే మట్టం పెరుగుతుంది, కాల్వకు వదిలితే పడిపోతుంది. నెల కిందట నిక్షేపంగా దూకిన బండ కిందే ఈ రోజు నడుము లోతు నీరు ఉండవచ్చు. ‘నిరుడు ఇక్కడే దూకాం’ అన్న ధైర్యం ఇటువంటి చోట పనికిరాదు.

ఎత్తు పెరిగితే నీరూ రాయే

పది అడుగుల ఎత్తు నుంచి దూకిన మనిషి గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగంతో నీటిని తాకుతాడు. అదే 10 మీటర్లయితే వేగం 50 కిలోమీటర్లు. ఆ వేగంతో పొట్ట మీదో, వీపు మీదో పడితే దెబ్బ నేలపై పడ్డట్టే ఉంటుంది. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల వేదిక కింద సుమారు 5 మీటర్ల లోతు నీరు ఉంచుతారు. ప్రపంచ పోటీల్లో పురుషులు 27 మీటర్లు, మహిళలు 20 మీటర్ల ఎత్తు నుంచి దూకుతారు. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన ఆ క్రీడాకారులు కూడా తలతో కాక కాళ్లతోనే నీటిలోకి ప్రవేశిస్తారు. కింద నీటిలో రక్షకులు సిద్ధంగా ఉంటారు. మన గుట్టల మీద జరుగుతున్నది దీనికి పూర్తిగా విరుద్ధం. లోతు చూసినవారు ఉండరు, కింద ఎవరూ ఉండరు, చాలాసార్లు తల ముందు పెట్టి దూకుతారు. తక్కువ లోతులో తల నేలకు తగిలితే మెడ ఎముక విరిగి, జీవితాంతం కాళ్లూ చేతులూ పడిపోయే ప్రమాదం ఉంది. మునిగిపోయినవారి లెక్కలైనా పత్రికల్లో వస్తాయి, మంచాన పడినవారి గోడు ఇంటి గడప దాటదు.

దూకి తీరాలనుకునేవారు కనీసం ముందుగా ఒడ్డు నుంచి దిగి, పడబోయే చోటు వరకు ఈది, తాడుకు రాయి కట్టి లోతు చూసుకోవాలి. తిరిగి పైకి ఎక్కే దారి దూకకముందే చూసి పెట్టుకోవాలి. తాగి దూకడం చావును పిలవడమే. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే తల, మెడ కదలకుండా నిటారుగా పట్టి ఒడ్డుకు చేర్చాలి. మునిగిన మనిషిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. దీనివల్ల మేలు లేదు సరికదా విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి ఆగితే వెంటనే నోటితో శ్వాస అందించి, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. 108కు ఫోన్‌ చేయాలి. మునుగుతున్నవాడి కోసం ఈత రానివాడు దూకితే ఒక శవానికి రెండు అవుతాయి. తాడు, చీర, ఖాళీ ప్లాస్టిక్‌ డబ్బా, ఏది దొరికితే అది విసరడమే మేలు.

బోర్డు పెడితే సరా?

ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘ఈత నిషేధం’ అన్న బోర్డు ఒకటి వెలుస్తుంది. కొద్దిరోజులు పోలీసుల గస్తీ ఉంటుంది. తర్వాత షరా మామూలే. బోర్డు ఉంది కనుక తమ బాధ్యత తీరిందని శాఖలు అనుకోవడానికి తప్ప, దాని ప్రయోజనం అంతంతే. 2014 జూన్‌ 8న హిమాచల్‌ప్రదేశ్‌లోని బియాస్‌ నదిలో లార్జీ డ్యాం నుంచి ముందస్తు హెచ్చరిక లేకుండా నీరు వదలగా హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్‌ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఆ కేసులో హైకోర్టు బాధ్యతను ఒక్కరిపైనే మోపలేదు. ఒక్కో కుటుంబానికి రూ.20 లక్షల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. నీటికి యజమాని అయిన శాఖ ‘దిగినవారిదే తప్పు’ అని తప్పించుకోలేదన్నది ఆ తీర్పు నుంచి గ్రహించదగిన సంగతి.

గోవాలో 2008 నుంచి సముద్ర తీరాల్లో శిక్షణ పొందిన రక్షకులను నియమించారు. తర్వాత మయెం సరస్సు, దూద్‌సాగర్‌ జలపాతం వద్దకు కూడా ఆ ఏర్పాటును విస్తరించారు. ఇక్కడ అంతటి ఖర్చు అక్కరలేదు. ప్రమాదం జరిగాక పోలీసులు మృతదేహాలను వెలికితీసేందుకు ఎవరిని పిలుస్తారో, ఆ గజ ఈతగాళ్లే జలాశయాల చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. వారిలో చాలామంది చేపలు పట్టేవారు. ఏ రోజు మట్టం ఎంతో, ఎక్కడ గుంత ఉందో వారికి తెలిసినంతగా ఇంజినీర్లకూ తెలియదు. శని, ఆదివారాలు, పండుగ సెలవుల్లో వారికి దినకూలీ ఇచ్చి, ఒక తెప్ప, తాళ్లు, లైఫ్‌ జాకెట్లతో ఒడ్డున ఉంచవచ్చు. లోతు కొలిచి, నీటి కింద రాళ్లు లేవని తేల్చిన ఒక చోటును ఈతకు గుర్తించి, మట్టం తగ్గిన రోజున దాన్ని మూసివేసే అధికారం కూడా వారికే అప్పగించవచ్చు. నీటిపారుదల, పర్యాటక, మత్స్య శాఖల్లో ఈ కూలీ డబ్బులు ఏ పద్దు కింద రాయాలన్నది తేలితే పని మొదలవుతుంది.