పక్క బెడ్డు వాడి రిపోర్టు

దుబాయి, అబూదాబీల్లోని సోనాపూర్, అల్ కూజ్, ముసఫ్ఫా లేబర్ క్యాంపుల్లో మన జగిత్యాల, నిజామాబాద్, కడప వాళ్లు డ్యూటీ దిగి ఫోన్‌లో ల్యాబ్ రిపోర్టు తెరుస్తారు. అది అరబ్బీలో ఉంటుంది, కాదంటే ఇంగ్లీషులో. 'పాజిటివ్' అని కనపడిందా, ఇక ఆ రాత్రి నిద్రుండదు. వీసా పోతుందా? ఊళ్లో చేసిన అప్పు ఎట్లా తీరాలి? అన్నలారా, అక్కలారా, ఇక్కడి ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మనం కాకపోతే ఆ కాగితం వాళ్లకు ఎవరు చదివి చెప్తారు?

హెపటైటిస్ బీ సంగతే చూడండి. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అంటే వైరస్ ఒంట్లో ఉందని. యాంటీ హెచ్‌బీఎస్ పాజిటివ్ అంటే టీకా పనిచేసిందని, లేదా జబ్బు వచ్చి తగ్గి రక్షణ మిగిలిందని. రెండూ పాజిటివే! మొదటిదైతే దాచిపెట్టనివ్వకండి, లోపల కాలేయం దెబ్బతినొచ్చు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. ఒకే పళ్లెంలో తింటే అది అంటదని, ఒకరి రేజరు మరొకరు వాడితే అంటొచ్చని గదిలో అందరికీ చెప్పండి. టీకా మామూలుగా మూడు డోసులు. మూడోది ఆరో నెలలో. సెలవు మీద ఊరికెళ్లి మరిచిపోయేది దాన్నే, కాబట్టి గుర్తుచేసి మరీ తోలుకుపోండి.

గదిలో ఒకరికి ఆటలమ్మ పోస్తే మనవాళ్లు వేపాకు వెతుకుతారు. వెతకనివ్వండి, దుబాయిలో వేపచెట్లకు కొదవ లేదు. కానీ పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ పెచ్చులు కట్టేదాకా అది అంటుతుంది. రోగిని వేరే గదిలో ఉంచడం ఐసోలేషన్. ఇంతకుముందు ఆటలమ్మ రాని, టీకా పడని రూమ్మేట్లకు 10 నుంచి 21 రోజుల్లో బయటపడొచ్చు. ఏమీ కనపడకపోయినా వాళ్లను అన్నాళ్లూ విడిగా ఉంచడం క్వారంటైన్. రెండూ శిక్షలు కావు.

భుజం మీది బీసీజీ టీకా మచ్చ చూపించి "నాకు టీబీ రాదు" అనేవాళ్లూ ఉన్నారు. ఆ టీకా పసిపిల్లలను మెదడు టీబీ వంటి వాటినుంచి కాపాడుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తులకు పూచీ పడదు. రెండు వారాలు దాటిన దగ్గుంటే పరీక్షకు పంపండి. లేటెంట్ టీబీ అని తేలితే మాత్రం, క్రిమి ఒంట్లో నిద్రపోతోందని, ఎవరికీ అంటదని చెప్పండి.

ఈ వైద్యం మాటలు నేర్చుకుని చెప్పడం మనవల్ల కానిది కాదు. కోవిడ్ రోజుల్లో, 2021లో, అబూదాబీ మాల్‌లోకి పోవాలంటే అల్‌హోసన్ యాప్ ఆకుపచ్చగా ఉండాలన్నారు. పీసీఆర్, బూస్టర్ అన్న మాటలు అందరికీ నోటికొచ్చేశాయి. ఈ ఆదివారం క్యాంపుకు కదలండి! తెలియనిది తెలియదనే చెప్పి క్లినిక్‌కు తీసుకెళ్లండి. ఒకరి రిపోర్టు చదివాక అది మీ కడుపులోనే ఉండాలి, వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు.