కబ్జాదారు అంటే ఎవరు?

మా బావమరిది నగర శివారులో ఒక ప్లాటు చూశాడు. రెండు వందల గజాలు, తూర్పు ముఖం. లింకు డాక్యుమెంట్లు వరసగా ఉన్నాయి, ముప్పై ఏళ్ల ఈసీలో మచ్చ లేదు. వకీలు మాత్రం ‘ఖాస్రా పహాణి నకలు తెండి, అప్పుడు మాట్లాడదాం’ అన్నాడు. ఊరి పాత భూమి లెక్క అది.

తిరగ్గా తిరగ్గా ఒక్క ఠావు చేతికొచ్చింది. గొలుసుకట్టు ఉర్దూ. చదివిపెట్టే పెద్దాయన దాన్ని కిటికీ వెలుగుకి పట్టి, వేలితో గళ్లు దాటుకుంటూ వెళ్లాడు. ఫసలీ 1364, అంటే 1954-55. ఏడెకరాల చెలక. పట్టాదారు ఒకరు, కబ్జాదారు మరొకరు.

ఉలిక్కిపడకండి. పహాణిలో కబ్జాదారంటే భూమి అనుభవంలో ఉన్నవాడు, అంతే. మర్యాదైన మాట. దాన్ని తిట్టుగా మార్చింది మన కాలమే.

అసలు ఆ పహాణి పుస్తకం మన కోసం రాసింది కాదు. సాలార్‌జంగ్ నిజాం దివానుగా ఉన్నప్పుడు మొదలైన సర్వే, దాన్నుంచి వచ్చిన సేత్వారు, తర్వాతి పహాణి, అన్నీ ముఖ్యంగా శిస్తు లెక్కకే. ఎవరు దున్నుతున్నాడో, ఎంత కట్టాలో తేలితే చాలు. ఆ చెలకలో లేఅవుట్ పడింది, రోడ్లొచ్చాయి, గుంటకి 121 గజాల చొప్పున ముక్కలై అమ్ముడైంది. పుస్తకంలో మాత్రం చాలాచోట్ల చెలక చెలకలాగే ఉండిపోయింది. తెలంగాణలో 2020లో ధరణి పోర్టల్ వచ్చినప్పుడు, ఎప్పుడో ప్లాట్లుగా అమ్మేసిన భూములకి పాత పట్టాదారుల పేర్లు తేలి, వారసులకి ఆశ పుట్టింది. కాలనీవాళ్లకి నిద్ర పోయింది.

రిజిస్ట్రేషన్ అయిందిగా అంటారు. 1908 నాటి ఆ చట్టం కాగితాన్ని నమోదు చేస్తుంది, అమ్మేవాడికి హక్కుందో లేదో తేల్చదు. తేల్చే అధికారం సబ్ రిజిస్ట్రారుకి లేదని సుప్రీంకోర్టు 2025లో తమిళనాడు కేసులో మళ్లీ చెప్పింది. సర్కారు స్టాంపు డ్యూటీ పైసాతో సహా లెక్కగట్టి తీసుకుంటుంది. పూచీ మాత్రం కొన్నవాడిదే. ఇదేం బేరమో నాకు అంతుపట్టదు.

ధరణి పోయి 2025 ఏప్రిల్లో భూభారతి వచ్చింది. పోర్టళ్లు మార్చండి, కాదనను. ముందు సేత్వారు, ఖాస్రా ప్రతి పేజీని తెలుగు చేయించి, అడ్వాన్సు ఇచ్చేలోపే ఎవరైనా చూసుకునేలా ఊరికే అందరి ముందూ పెట్టండి. కోర్టుకెక్కాక బయటపడే కాగితం కొనేవాడికి ఎందుకు పనికొస్తుంది?

పెద్దాయన ఠావు మడిచి ఇస్తుంటే, ఇంట్లో ఇంకెవరైనా ఇది చదవగలరా అని అడిగాను. మనవడికి ఉర్దూ వచ్చట. ఈ రాత రాదట.

– హద్దురాయి